ఏ పచ్చపట్టు?

మా మావయ్యతో మాట్లాడదలచుకున్నవాళ్ళు మిగతా పనులన్నీ ముగించుకుని రావాలి. ఎందుకంటే మీరు ఏ మాట అన్నా ఆయన దాన్ని గుమ్మంలోనే ఆపి, "ఏది?" అని అడుగుతాడు. ఒకే పేరు రెండు వస్తువులకుంటే అది ఆ వస్తువుల ఖర్మ అని మనలాంటివాళ్ళం సర్దుకుపోతాం. మావయ్య సర్దుకోడు. ఆ రెండింటినీ విడివిడిగా నిలబెట్టి, ఏది ఏదో తేల్చుకున్నాకగాని మాటను ముందుకు సాగనివ్వడు. అందుకే ఊళ్ళో చిన్నాపెద్దా ఆయన్ని 'ఏది మావయ్య' అనేవారు. ఆ పేరు మీద ఆయనకు కోపమేమీ లేదు. కాకపోతే ఎవరైనా వీధిలో "ఏది మావయ్యా" అంటే, తనను పిలిచారా, ఏదైనా వస్తువు పోగొట్టుకుని వెతుకుతున్నారా అని నిలదీసేవాడు.

మావయ్య దర్జీ. మనుషులకు కాదు, కుర్చీలకు. సోఫాలకు తొడుగులు, పడవల్లో కూర్చునే బల్లలకు మెత్తలు, ఆస్పత్రి బెంచీలకు రెగ్జిన్లు కుట్టేవాడు. మనుషుల బట్టలు ఎందుకు కుట్టవని అడిగితే, మనుషులు కొలతలిచ్చి వెళ్ళి లావవుతారనీ, కుర్చీలు ఇచ్చిన కొలత మీద నిలబడతాయనీ చెప్పేవాడు. రేవుకు పోయే వీధిలో ఆయన కొట్టు. ఆ కొట్టులోనే సగం మా అత్తయ్యది. పైన గది నాది. ఆ ఊళ్ళో ఒక వారపత్రికలో ఉద్యోగం దొరికి, నేను వాళ్ళింట్లో దిగాను.

అత్తయ్యది నాచు వ్యాపారం. నాచు అనగానే ముఖం చిట్లించకండి. ఏ నాచు అని ముందు అడగాలి. ఇది చెరువులో కాలుజారి పడేసే నాచు కాదు, సముద్రంలో రాళ్ళను అంటిపెట్టుకుని పెరిగే నాచు, తినేది. పోటు తగ్గి రాళ్ళు బయటపడ్డప్పుడు ఆడవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి దాన్ని కోస్తారు. ఉప్పూ ఇసుకా పోయేదాకా కడిగి, వలల మీద పరిచి ఆరబెడతారు. ఎండినదాన్ని కాస్త సెగ చూపించి నోట్లో వేసుకుంటే కరకరలాడి, వెంటనే కరిగి, నాలుక మీద సముద్రాన్ని వదిలిపెట్టి పోతుంది. నీళ్ళలో ఉన్నప్పుడు అది పట్టుగుడ్డలా నిగనిగలాడుతూ వేళ్ళలోంచి జారిపోతుంది. అందుకని ఆ తీరంలో తాతల కాలంనుంచీ దానికి పచ్చపట్టు అని పేరు.

నేను దిగిన కొత్తలో ఒకరోజు పోస్టుమాన్ బుగ్గ పట్టుకుని వచ్చి, పన్ను ప్రాణం తీస్తోంది మావయ్యా అన్నాడు. మావయ్య కత్తెర పక్కన పెట్టాడు.

"ఏ పన్ను? నోట్లోదా, ఇంటిమీదదా?"

పోస్టుమాన్ కాసేపు ఆలోచించి, పొద్దున్నుంచీ నోట్లోదనీ, ఇప్పుడు మీరు గుర్తుచేశారు కాబట్టి రెండూననీ చెప్పి, వచ్చిన ఉత్తరం ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు.

ఇంకోసారి అత్తయ్యకు దగ్గు పట్టుకుంటే ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరు ఏదో రాసుకుంటూ తల దించుకునే, మందు మాత్రం మానొద్దన్నాడు. మావయ్య వెంటనే ఏ మందని అడిగాడు. మా వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి, ఎర్రటి కళ్ళు పెద్దవి చేసుకుని ముందుకు వంగాడు.

"అవును డాక్టరుగారూ, ఆయన అడిగింది మంచి ప్రశ్న. ఏ మందు?"

డాక్టరు కలం మూసి, తలెత్తి, అత్తయ్య ముఖంలోకి చూస్తూ మాత్రల రంగు, సైజు, వేళలు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. వెనకాయన నిట్టూర్చి వెనక్కి వాలిపోయాడు.

అన్నిటికంటే ఎక్కువ అవస్థ పడ్డవాడు రేవులో వేలంపాట పాడే మనిషి. చేపలకూ నాచుకూ అక్కడ పాట పెట్టే ధర కడతారు. అతను మేకగొంతుతో పాట మొదలైందని అరవగానే, మావయ్య అత్తయ్య పక్కన నిలబడి, ఏ పాట అనేవాడు. నువ్వు పాడే పాటా, వాళ్ళు పెంచే పాటా? ఎక్కడిదాకా పెరిగింది? అన్నది ఎవరు? ఎర్రచొక్కా వ్యాపారా, గొడుగు వ్యాపారా? అతను తల బాదుకుంటూ ఇటు తిరిగి, ఒక్కొక్క ధరా ఒక్కొక్క వ్యాపారిని చూపిస్తూ మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చేవాడు. ఈ మనిషి పుణ్యాన తన పాట ఎప్పుడూ పల్లవి దాటదని అతని బాధ. ఒకసారి మంచి చేసుకుందామని ఎంతో మర్యాదగా "మావయ్యగారూ" అని పిలిచాడు.

"ఏ మావయ్యని? ఊరందరి మావయ్యనా, లేక మేడమీద ఉన్న మా మేనకోడల్ని చూసి పిలుస్తున్నావా?"

అతను ఆ తరవాత మా వీధిలోకి రావడం తగ్గించాడు. నాకు వచ్చిన ఒకే ఒక్క సంబంధం అలా పుట్టకముందే పోయింది.

రెండర్థాలున్న మాటలకు అడిగాడంటే సరే అనుకోవచ్చు. ఒక్కోసారి ఒకే అర్థం ఉన్న మాటలకు కూడా అడిగేవాడు. పాలవాడు వచ్చి బాట బాగాలేదంటే, ఏ బాట అనేవాడు. కొండవైపు బాటా, రేవు బాటా, నడిచే బాటేనా? నడవని బాట ఎక్కడుంటుంది? వయసుతోపాటు ముదురుతోందని మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం. అత్తయ్య మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు. మావయ్య అడగ్గానే చేతిలో పని ఆపి, జవాబు చెప్పేవాళ్ళ ముఖంకేసి చూస్తూ, చెప్పినదంతా చివరిదాకా వినేది. ఈవిడ ఓర్పుకు గుడి కట్టొచ్చనుకునేదాన్ని.

ఇలా ఉండగా మున్సిపల్ చైర్మన్‌గారి గుమస్తా మా కొట్టుకు వచ్చాడు. చైర్మన్‌గారు ఆ కుర్చీలో ఎంతకాలంగా కూర్చున్నారో లెక్క తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే కాలం చేస్తున్నారు. ఆయన కూర్చున్నారు, కుర్చీ అరిగింది, ఆయన అరగలేదు. గుమస్తా కాగితం తీసి, అయ్యగారి కుర్చీకి పచ్చ పట్టు కావాలన్నాడు.

"ఏ పట్టు?" అన్నాడు మావయ్య. "గుడ్డా, ఒకసారి పట్టుకుంటే వదలకపోవడమా?"

గుమస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"రెండోది ఆయన దగ్గర ఉందండీ. మీరు గుడ్డ వెయ్యండి చాలు."

నేను మెట్లమీద కూర్చుని ఇది విన్నాను. మెట్లు దిగలేదు, వెనక్కి తిరిగి పైకెక్కి, ఆ పూటే ఒక కథ రాసేశాను. పేరు 'పచ్చపట్టు'. ఒక ఊళ్ళో ఒక అధ్యక్షుడు తన కుర్చీకి పచ్చపట్టు వేయించుకుంటాడు. మర్నాడు లేవబోతే పట్టు వదలదు. సరే, పట్టువదలని మనిషికి ఇది తగినదే అని ఆయనా సంతోషిస్తాడు. కుర్చీతోనే ఇంటికి వెళతాడు, కుర్చీతోనే స్నానం చేస్తాడు, పెళ్ళాం పక్కలో ఇంకో మనిషికి చోటుందిగాని కుర్చీకి లేదంటుంది. చివరికి ఊరు ఊరంతా కలిసి లాగితే ఆయన రాడు, కుర్చీ వస్తుంది. అప్పుడు ఆయన గాలిలోనే, కుర్చీ లేకుండానే, కూర్చున్నట్టు వంగి మిగిలిపోతాడు.

మా సంపాదకుడు పేర్లు చదివి పేజీలు నిర్ణయించే రకం. పచ్చపట్టు అనగానే నాచు గురించి అనుకుని దాన్ని వంటల పేజీలో వేశాడు. అలా ఆ కథ ఎప్పుడూ కథలు చదవనివాళ్ళ చేతికి కూడా వెళ్ళింది. నాచును ఎంతసేపు వేయించాలో తెలుసుకుందామని మొదలుపెట్టిన ఇల్లాళ్ళు కడుపుబ్బ నవ్వి, మొగుళ్ళకు చదివి వినిపించారు. మొగుళ్ళు రేవులో చెప్పుకున్నారు. వారం తిరిగేసరికి చైర్మన్‌గారు వీధిలో కనిపిస్తే, నమస్కారం పెట్టేముందు జనం ఆయన వెనక కుర్చీ ఉందేమోనని చూడటం మొదలుపెట్టారు.

చైర్మన్‌గారికి ఒళ్ళు మండింది. కాని ఆ కథ తన గురించేనని ఒప్పుకుంటే పరువు ఏం కాను? అందుకని ఆయన కథ అనీ, పత్రిక అనీ ఎక్కడా అనకుండా ఒక ఉత్తర్వు ఇచ్చారు. ప్రజల మనశ్శాంతికి భంగం కలిగిస్తున్నందువల్ల ఊళ్ళో పచ్చపట్టు అమ్మకూడదు, దాచకూడదు, పంచకూడదు, కనిపిస్తే పట్టుకోవాలి. వీధివీధిలో మైకులో ఇదే మోగింది.

పట్టుకోవాల్సినవాడు కొత్తగా వచ్చిన మార్కెట్ ఇన్‌స్పెక్టరు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. కూర్చోమంటే కూర్చుని, లెమ్మనేదాకా ఉండిపోయేవాడు. పైగా అతనికి చదివే అలవాటు లేదు. అతను సన్నగా చినుకులు పడుతున్న ఒక ఉదయం బండి తోలుకుని సరాసరి మా కొట్టుకు వచ్చి, ఇక్కడ పచ్చపట్టు ఉందా అని అడిగాడు. ఉందంటూ అత్తయ్య నవ్వుతూ తక్కెడ అందుకుంది. అతను బస్తాలు బండికెక్కించడం మొదలుపెట్టాడు.

అది ఆ ఏటి పంట మొత్తం. అత్తయ్యది ఒక్కదానిదే కాదు, రాళ్ళమీద నిలబడి కోసిన ఆడవాళ్ళందరిదీ. నాచుకు తడి తగిలితే మళ్ళీ మెత్తబడి, వాసనపట్టి, దేనికీ పనికిరాదు. వాళ్ళు దాన్ని మున్సిపల్ ఆఫీసు నేలమాళిగలో పడేస్తారట. ఆ గోడలు ఎండాకాలంలో కూడా చెమర్చుతుంటాయి.

మావయ్య మెడలో కొలతటేపుతోనే వీధిలోకి దూకాడు. "ఏ పచ్చపట్టు?" అని అడుగుతూ బండి వెంట పడ్డాడు. తినేదా, చదివేదా, కూర్చునేదా? ఇన్‌స్పెక్టరు, నాకు పచ్చపట్టు అని చెప్పారు, ఏదో చెప్పలేదని జవాబిచ్చాడు. చెప్పకపోతే అడగవా అని మావయ్య. అడగమని చెప్పలేదని ఇన్‌స్పెక్టరు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. ఆ వానలో రేవునుంచి మున్సిపల్ ఆఫీసుదాకా మావయ్య ఆ ప్రశ్న అడుగుతూనే నడిచాడు. ఆఫీసు మెట్లెక్కేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంటికొచ్చేసరికి పూర్తిగా పోయింది. లోకంలో ప్రతి మాటనూ ఏదని అడిగిన మనిషికి అడగడానికే మాట లేకుండా పోయింది.

తప్పుడు బస్తాలు వచ్చాయని చైర్మన్‌గారికి తెలియకపోలేదు. తెలిసీ ఏం చేస్తారు? ఇది కాదు, అదీ అనాలంటే అది ఏదో చెప్పాలి. చెప్పలేక, వారాంతపు సభలో విచారణ జరిపిస్తామన్నారు.

విచారణ రోజు మున్సిపల్ హాలు నిండిపోయింది. ఒకపక్క నాచు కోసే ఆడవాళ్ళు, వెనకాల రేవు వ్యాపారులు, పాట పాడే మనిషి, ఎటు పారిపోవాలో చూసుకుంటూ తలుపు పక్కన మా సంపాదకుడు. ఎత్తుగా వేదికమీద, నిగనిగలాడే పచ్చ పట్టు కుర్చీలో, చైర్మన్‌గారు. ముందున్న బల్లమీద సాక్ష్యంగా ఒక నాచు బస్తా పెట్టారు. ఆ వాసన పడదని ఆయన ముక్కుకూ నోటికీ రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

అత్తయ్యను ముందుకు పిలిచారు. ఆయన రుమాలు వెనకనుంచే ఈ సరుకు ఎవరిదని అడిగారు. అత్తయ్య పలకలేదు. ఆయన మళ్ళీ అడిగారు. అత్తయ్య ఆయన రుమాలువైపు చూసింది, తరవాత మావయ్యవైపు తిరిగింది. మెడకు మఫ్లరు చుట్టుకుని నా పక్కన కూర్చున్న మావయ్య లేచి నిలబడి నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. ఆయన ముఖంలో అంత కంగారు నేనెన్నడూ చూడలేదు. బస్తాలు పోయినప్పుడు కూడా లేదు. నా చెయ్యి పట్టుకుని, అత్తయ్యవైపు చూపిస్తూ, చేతులతో ఏదో చెప్పబోయాడు. నాకు అర్థం కాలేదు.

సభలో గుసగుసలు లేచాయి. ఆవిడకు పొగరని వేదికమీదున్న ఒక మున్సిపల్ సభ్యుడన్నాడు. జవాబు చెప్పకపోతే నేరం ఒప్పుకున్నట్టు రాసుకోమని చైర్మన్‌గారు గుమస్తాకు సైగ చేశారు. అప్పుడు అత్తయ్య కొంగు సర్దుకుని, హాలు చివరిదాకా వినిపించేలా మాట్లాడింది.

"అయ్యా, నాకు చెవులు సరిగ్గా వినపడవు. పెదాలు చూస్తేగాని మాట అందదు. ఆ రుమాలు తీసి అడగండి, చెబుతాను."

అదే కప్పుకింద ఉంటూ, అదే బల్లదగ్గర కూర్చుని తింటూ, ఆ సంగతి నాకు తెలియదు. నాకే కాదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. మావయ్య మెల్లగా కూర్చున్నాడు. మఫ్లరు కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. జలుబై ఉంటుంది, వానలో తడిశాడుగా.

చైర్మన్‌గారికి రుమాలు తియ్యక తప్పలేదు.

"పచ్చపట్టు అమ్ముతున్నావని నీమీద ఫిర్యాదు. ఒప్పుకుంటావా?"

"ఏది?" అంది అత్తయ్య.

ఆ మాట తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏదేమిటి? పచ్చపట్టు."

"ఊళ్ళో మూడున్నాయి కదయ్యా. తినేదొకటి, చదివేదొకటి, మీరు కూర్చున్నదొకటి. ఇందులో ఏది అమ్మకూడదు?"

ప్రజల మనశ్శాంతికి భంగం కలిగించేదని ఆయన గట్టిగా చెప్పారు. తినేదాంట్లో అలాంటి గుణమేదీ లేదని అత్తయ్య బస్తాలోంచి గుప్పెడు తీసి, ఇందాక పొగరన్న సభ్యుడి చేతిలో పెట్టింది. ఆయన అనుమానంగా నమిలాడు. అందరూ ఆయన ముఖంకేసి చూశారు. ఆయన ఇంకాస్త ఇమ్మని చెయ్యి చాపాడు. పక్క సభ్యుడు కూడా చాపాడు. కాసేపట్లో వేదికంతా కరకరలాడింది.

"తినేది కాదని తేలింది," అంది అత్తయ్య. "ఇక చదివేది. అది నా దగ్గర లేదు. అయినా అందులో మనశ్శాంతి పోయేంత ఏముందో మీరే చెప్పండి. కాస్త మెల్లిగా, నా వైపు తిరిగి చెప్పండి."

"అందులో ఒక అధ్యక్షుడు..." అని చైర్మన్‌గారు మొదలుపెట్టి, నాలుక కరుచుకున్నారు.

"ఏ అధ్యక్షుడు?"

ఆ ప్రశ్నకు ఊరంతా ముందుకు వంగింది. చైర్మన్‌గారి ముఖం కుర్చీ రంగులోకి తిరిగింది. ఆయన ఆ కథ తాను చదవలేదనీ, దానితో తనకు ఏ సంబంధం లేదనీ, అసలు ఈ ఉత్తర్వుకూ దానికీ పొత్తే లేదనీ అన్నారు.

ఇంతసేపూ ఇన్‌స్పెక్టరు బల్లపక్కన నిలబడి ఒక్కొక్క మాటనూ శ్రద్ధగా వింటున్నాడు. తినేది కాదు, చదివేది కాదు. అతని నుదుటి ముడతలు విడిపోయాయి. చేతిలో తాడు, ఖాళీ గోనెసంచి తీసుకుని, వేదికెక్కి, ఎంతో వినయంగా చైర్మన్‌గారి ముందు వంగాడు.

"అయితే మిగిలింది ఇదొక్కటేనండీ. తమరు కాస్త లేస్తే, పట్టుకెళతాను."

నవ్వులు కావు అవి, పైకప్పు రేకులు మోగాయి. ఉత్తర్వు ఇచ్చినవారే అడ్డుపడితే ఎలాగండీ అని ఇన్‌స్పెక్టరు నిజంగానే బాధపడుతున్నాడు. చైర్మన్‌గారు కోపంతో ఊగిపోతూ దిగ్గున లేచి నిలబడ్డారు. హాలంతా చప్పట్లు. లేచారు, లేచారు అని ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. పాట పాడే మనిషి తన మేకగొంతుతో, అయితే ఆ కథ అబద్ధమన్నమాట అన్నాడు.

చైర్మన్‌గారు ఆ మాటను కొమ్మలా పట్టుకున్నారు.

"అదే నేనూ చెబుతున్నది. పచ్చి అబద్ధం. చూశారుగా, లేచాను. ఎక్కడా అంటుకోలేదు." ఆయన వెనక్కి తిరిగి చూపించారు కూడా.

చూపించాక గాని తాను ఏం ఒప్పుకున్నారో ఆయనకు తట్టలేదు. తట్టిన తరవాత మళ్ళీ కూర్చోబోతే కుర్చీ లేదు. ఇన్‌స్పెక్టరు దాన్ని గోనెసంచి కప్పి, సగం మెట్లు దించేశాడు. చైర్మన్‌గారు నిలబడే ఉత్తర్వు రద్దు చేశారు. ఆయన నిలబడి చేసిన మొదటి పని అదేనని జనం ఈనాటికీ చెప్పుకుంటారు.

బస్తాలు ఆ మధ్యాహ్నమే విడిపించుకున్నాం. అడుగున ఉన్నవాటికి కాస్త తేమ తగిలిందిగాని, దేవుడు మేలుచేసి బయట ఎండ కాస్తోంది. నాచు కోసే ఆడవాళ్ళు బస్తాలు నెత్తిన పెట్టుకుని, అత్తయ్యను ముందు నడిపించి, పాటలు పాడుకుంటూ వీధంతా ఊరేగారు. పాడే పాటలే, అనుమానం అక్కర్లేదు. మా సంపాదకుడు అమాంతం ధైర్యవంతుడైపోయి కథను మళ్ళీ అచ్చువేశాడు. మా కొట్టుముందు ఒక బోర్డు కూడా తగిలించాడు. 'పచ్చపట్టు కొంటే పచ్చపట్టు ఉచితం.' ఏది కొంటే ఏది ఉచితమో ఎవరికీ తెలియలేదు. రెండూ కొనుక్కుపోయారు.

చెవుల సంగతి బయటపడింది కాబట్టి రేవులో వ్యాపారులు అత్తయ్యను ముంచేస్తారేమోనని నేను భయపడ్డాను. జరిగింది వేరు. చైర్మన్‌ను కుర్చీలోంచి లేపిన మనిషిని తూకంలో మోసం చేసే ధైర్యం ఎవరికుంది? ఎర్రచొక్కా వ్యాపారి, గొడుగు వ్యాపారి ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, దంతవైద్యుడికి చూపించినట్టు నోరు బాగా తెరిచి ధర చెప్పసాగారు. ఆ ఏడు నాచుకు పలికిన ధర అంతకుముందెన్నడూ పలకలేదు.

మావయ్య ఇంకా గొంతు రాక, కింద కొట్టులో వేడినీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. నేనూ అత్తయ్యా మేడమీద నాచు తిరగేస్తున్నాం. ఆమెకు ఎదురుగా కూర్చుని అడిగాను, ఇది ఎప్పటినుంచని.

కొత్త కాపురంలో పెద్ద జ్వరం వచ్చిందట. జ్వరం పోతూ పోతూ వినికిడిని కూడా వెంట తీసుకుపోయింది. వినపడదని తెలిస్తే రేవులో బేరాలు చెయ్యనివ్వరు, అవిటిదానికింద జమకట్టి మూలన కూర్చోబెడతారు. అందుకని ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది.

"కాని పాట, బాట, మాట, మూడూ పెదాలమీద ఒకలాగే ఉంటాయే. ఎటో తిరిగి మాట్లాడితే అసలు దొరకవు. ఒకరోజు వేలంలో ధర అందక, బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. అప్పుడు మీ మావయ్య పక్కనుంచి, ఏది అన్నాడు. పాటగాడు ఇటు తిరిగి మళ్ళీ చెప్పాడు. అంతే, ఆరోజునుంచి ఊళ్ళో ఎవరు నాతో మాట్లాడినా ఆయన ఏదంటాడు, వాళ్ళు ఇటు తిరిగి విడమరిచి చెబుతారు."

నేను నాచు తిరగెయ్యడం మర్చిపోయాను. ఊరంతా ఆయనకు పిచ్చి అంటుంటే ఒక్కమాట కూడా చెప్పలేదే అన్నాను.

"నాకే చెప్పలేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పేరు ఆయన మోశాడు, బేరం నేను చేశాను."

"మరి పన్నుకీ, మందుకీ, నాకొచ్చిన సంబంధానికీ? అన్నీ నీకోసమేనా?"

అత్తయ్య చుట్టూ చూసింది. మెట్లదగ్గర ఎవరూ లేరని తెలిశాక నా దగ్గరికి జరిగింది. ముఖంలో చిలిపితనం.

"అమ్మాయ్, ఎవరితోనూ అనకు. సగం మాటలు నాకు మొదటిసారే అందేవి. దగ్గరగా ఉండి గట్టిగా మాట్లాడితే ఎడం చెవికి బాగానే వినపడుతుంది. ఆ పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి అరిచిన పన్ను మాట అప్పుడే విన్నాను."

"మరి మావయ్యకి చెప్పొచ్చుగా, పాపం, గొంతు పోయేదాకా అడుగుతున్నాడు."

"చెబితే మానేస్తాడే," అంది అత్తయ్య. "నాకసలే చెవుడు. ఆయన కూడా మానేస్తే ఇల్లు మరీ నిశ్శబ్దమైపోదూ?"